బండి ముచ్చట: కొత్త క్రూయిజర్, పాత నడుము

దసరా పోయినంక రెండు మూడు నెలలు ఈ పేజీకి వచ్చే ప్రశ్నలన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్, కొత్త బండి తీస్కున్న, గిట్ల చేస్తుంది, ఏం జెయ్యాలె అని. ఈసారి మాత్రం క్రూయిజర్లు, అంటే కిందికి ఉన్న సీటు మీద కూసోని కాళ్లు ముందుకు చాపి నడిపే బండ్లు, కొన్నోళ్లే ఎక్కువ రాసిన్రు. ఎందుకో అందరికీ ఎరుకే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాక బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆ గీత దాటినయేమో 40కి ఎక్కినయ్, దాంతోని 349 సీసీ బండి ఇప్పుడు హన్మకొండల గల్లీకొకటి కనపడుతుంది. ఒక్క ప్రశ్ననే పదిమంది అడిగితే అండ్ల ఒకటే తీస్కున్న, ఏమనుకోకుండ్రి.

ప్రశ్న: నాకు 46 ఏండ్లు, మాది హసన్‌పర్తి. ములుగు దగ్గర స్కూల్ల టీచర్ ని, రోజూ రానుపోను దగ్గరదగ్గర 100 కిలోమీటర్లు అయితది. ఇన్నేండ్లు 125 సీసీ బండి మీదనే తిరిగిన, ఒక్కనాడు నడుము పట్టలే. పిల్లలు సోఫా లెక్క ఉంటది నాన్నా అని బలవంతపెడితే 350 క్రూయిజర్ తీస్కున్న. 1,800 కిలోమీటర్లు తిరిగేసరికి తోక ఎముక కాడ నొప్పి, ఇంటికొచ్చి కుర్చీల కూసోలేకపోతున్న. మా ఆవిడ వెనక కూసున్ననాడైతే గుంతల పడంగనే ధన్ మని తగులుతుంది. ఒకాయన 9 వేలు పెడితే గ్యాస్ షాకులు వేస్త అంటుండు, ఇంకొకాయన సీటు మార్పియ్యమంటుండు. ఏది చేపియ్యాలె?

జవాబు: సార్, ముందుగల్ల ఆ 9 వేలు బీరువాల పెట్టుండ్రి. మీ 125 మీద మీ కాళ్లు మీ కిందనే ఉంటయ్, గుంత కనపడంగనే మీకు తెల్వకుండనే ఫుట్‌రెస్టుల మీద బరువేసి జర లేస్తరు, దెబ్బ మోకాళ్లు మింగుతయ్. క్రూయిజర్ మీద కాళ్లు ముందుకు చాపుకొని ఉంటరు కాబట్టి లేద్దామన్నా లేవరాదు, రోడ్డు కొట్టే ప్రతి దెబ్బ సీటుల నుంచి సీదా తోక ఎముకకే. పైంగ సీటు కిందికి ఉండాలె అని వెనక షాకులు కొంచెమే దిగేటట్టు పెడతరు. అంటే బండి ఖరాబైందని కాదు, మీ బరువుకు ఇంకా సెట్ కాలేదని. నేను కొన్న కొత్తల నాకూ గిదే కథ, నెల రోజులు బామ్ రాసుకొని పన్నంక తెల్సింది తప్పు యాడుందో.

మొదలు గాలి చూడుండ్రి. షోరూంల నుంచి వచ్చిన బండ్లల్ల గాలి ఎక్కువ ఉండుడు కొత్తేం గాదు, లారీల తాళ్లేసి కట్టి తెచ్చేటందుకు గట్టిగ కొడతరు, డెలివరీ నాడు దించుడు మర్చిపోతరు. గాలి 40 పాయింట్లు దాటి ఉన్న టైరు గుంతల పడితే రాయి లెక్కనే కొడతది, దానికి షాకులను తిట్టి ఏం లాభం. ఎంతుండాలె అనేది బండి మీద స్టిక్కర్ అంటిచ్చి ఉంటది, లేకుంటే మాన్యువల్ల ఉంటది, ఒక్కరు పోయేటప్పుడు ఒక లెక్క, ఇద్దరు పోయేటప్పుడు వెనక టైరుకు ఇంకో లెక్క. పొద్దున బండి తియ్యకముందే చూడాలె, 20 కిలోమీటర్లు తిరిగినంక బంకుల చూస్తే టైరు వేడెక్కి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువనే చూపెడతది. చిన్న గేజి ఒకటి కొనుక్కోండి, బంకుల మీటర్లు ఒక్కోటి ఒక్కో మాట చెప్తయ్.

తర్వాత ప్రీలోడ్. వెనక షాకు స్ప్రింగుకు ఒక కొసన మెట్లు మెట్లుగ కోసిన రింగు ఉంటది చూడుండ్రి, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కైతే ఆరు మెట్లు. కొడవలి లెక్క వంకర పాన ఒకటి వస్తది, దాని ముక్కు ఆ రింగు గాడిల పెట్టి గుంజితే టక్ మని ఒక మెట్టు ఎక్కుతది. చాలామంది దీన్ని స్ప్రింగు గట్టిగ చేసే మీట అనుకుంటరు, స్ప్రింగు గట్టితనం ఏం మారదు సార్, మీరు కూసున్నప్పుడు బండి ఎంత దిగి ఆగుతది అన్నది మారుతది. దాన్ని టేపుతోని కొలవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిల ఉన్నప్పుడు ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాక కొలవండి, తర్వాత స్టాండ్ తీసి మీరు బ్యాగుతోని సహా కూసోండి, మీ పిల్లల్ల ఒకరిని బండి పట్టుకోమని ఇంకొకరిని మళ్ల కొలవమనుండ్రి. ఆ తేడా, షాకు మొత్తం దిగగలిగే దాంట్ల నాలుగో వంతుకు మూడో వంతుకు మధ్యల ఉంటే బాగున్నట్టు. అంతకన్నా ఎక్కువ దిగుతుందంటే గుంతల పడ్డప్పుడు దిగేటందుకు జాగ లేక అడుగుకు తగులుతుంది, మీరు రాసిన ధన్ గిదే, మేడం కూసున్ననాడు రెండు మెట్లు పెంచుండ్రి. అసలు దిగుతనే లేదంటే మీకు ఎక్కువ బిగుతైంది, తగ్గియ్యాలె. పెంచితే నొప్పి పెరుగుతదేమో అని భయపడి అందరూ తగ్గిస్తరు, బరువున్న మనిషికి తగ్గిస్తేనే నొప్పి ఎక్కువైతది.

ఒక్కటి మాత్రం యాదుంచుకోండి, రెండు పక్కలా మెట్లు సమానంగ ఉండాలె. నేను ఒకసారి చీకట్ల లెక్క తప్పి ఎడమ దిక్కు నాలుగు, కుడి దిక్కు మూడు పెట్టుకొని ములుగు రోడ్డు ఎక్కిన, కటాక్షపూర్ చెరువు కట్ట దాటేదాక ఏం తెల్వలే, ఆ తర్వాత మలుపుల వెనక చక్రం ఎవరో పట్టి గుంజుతున్నట్టు ఒక్క తీరు అయ్యింది, టైరు పంచరైందేమో అని దిగి చూసిన, గాలి మంచిగనే ఉంది. మల్లంపల్లిల చాయ్ తాక్కుంట కూసోని వెనక నుంచి చూస్తే అప్పుడు కనపడ్డది, ఒక్క మెట్టు తేడా.

మూడోది హ్యాండిల్. సీట్ల వెనక్కి జారి కూసోని, చేతులు అందక వీపు వంచి ముందుకు సాగితే నడుము కింద భాగం గుండ్రంగ అయి బరువంతా ఎముక మీదనే పడతది. హ్యాండిల్ పట్టుకున్న క్లాంపు బోల్టులు నాలుగు కొంచెం వదులు చేసి, ఒక్క అగ్గిపుల్ల మందమంత మీ దిక్కు తిప్పి చూడుండ్రి. తిప్పేముందు పాత జాగకు గుర్తు పెట్టుకోండి, నేను మా బిడ్డ గోర్ల రంగుతోని ఒక చుక్క పెట్టిన, అది ఇప్పటికీ అట్లనే ఉంది. బిగిచ్చినంక హ్యాండిల్ రెండు దిక్కులా పూర్తిగ తిప్పి చూడాలె, వైర్లు బ్రేకు పైపు గుంజుకపోతలేవు కదా, రేజ్ వదలంగనే దానంతటది వెనక్కి వస్తుంది కదా అని. క్లచ్, బ్రేకు లివర్లు కూడ మీ ముంజేతికి సీదుగ ఉండాలె, మణికట్టు పైకి లేపి పట్టుకునుడైతే భుజాలు గుంజుతయ్.

ఇవన్నీ చేసి ఒక వారం తిరిగినా తగ్గకపోతే అప్పుడు సీటు. అది గూడ కొత్త సీటు కాదు, సీట్లు కుట్టేటాయన దగ్గర స్పాంజి మార్పియ్యండి, మెత్తటిది వద్దు. మెత్తటిది దుకాణంల కూసుంటే దూది లెక్క ఉంటది, 40 కిలోమీటర్లకు అణిగిపోయి మీరు కింద ప్లేటు మీద కూసున్నట్టే అయితది. బండి దిగి రెండు రోజులు ఇంట్లనే ఉన్నా నొప్పి ఉంటుందంటే మాత్రం ఎముకల డాక్టర్ కు చూపెట్టుకోండి, అది నా పానతోని అయ్యే పని గాదు.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్న అన్నా. బండి డెలివరీ అయి నాలుగు రోజులు. మా మామ సెంటర్ స్టాండ్ వేసి రోజూ రెండు గంటలు స్టార్ట్ చేసి ఉంచు ఇంజన్ సాఫ్ అయితది అంటుండు, దోస్తు ఏమో మొదటి రోజే ఫుల్ కుమ్మాలె అప్పుడే పికప్ వస్తది అంటుండు, షోరూంల 40 దాటొద్దు అన్నరు. ఎవరి మాట వినాలె?

జవాబు: తమ్మీ, మామ మాట అసలే వినకు. గాలితోని చల్లబడే ఇంజన్ ను కదలకుండ రెండు గంటలు ఆన్ పెడితే దానికి గాలెక్కడి నుంచి వస్తది, ఉత్తగ కాలుతది. కొత్త సిలిండర్ లోపలి గోడకు సన్నటి అడ్డగీతలు కావాలని గీసి ఉంటరు, పిస్టన్ రింగులు ఆ గీతలకు రాసుకొని కుదురుకోవాలె, అట్ల కుదరాలంటే ఇంజన్ మీద కొంత లోడ్ పడాలె, తగ్గాలె, మళ్ల పడాలె. ఒక్కటే స్పీడ్ల 40ల గంటసేపు పోతే అది జరగదు, దోస్తు చెప్పినట్టు కుమ్మితే రింగులు కుదరక ముందే గోడ నునుపై కూసుంటది, తర్వాత ఆయిల్ తాగుడు మొదలు పెడతది.

నువ్వు ఏం జెయ్యి అంటే, పొద్దున కాజీపేట నుంచి ధర్మసాగర్ దిక్కు పోయిరా, గేర్లు మార్చుకుంట, స్పీడు పెంచుకుంట తగ్గిచ్చుకుంట, ఫుల్ రేజ్ మాత్రం ఇయ్యకు. ఇంకొకటి, క్రూయిజర్ అని టాప్ గేర్ల 35 మీద గుడుగుడు అనిపిచ్చుకుంట పోతరు పోరగాళ్లు, స్టైల్ గ ఉంటది కని అది ఫుల్ కుమ్ముడు కంటె చెడ్డది, ఇంజన్ వణుకుతుందంటే ఒక గేర్ దించాలె. మొదటి సర్వీసు చాలా బండ్లకు 500 కిలోమీటర్లు లేకుంటే 45 రోజులు, ఏది ముందైతే అది, ఒక్క రోజు గూడ లేట్ చెయ్యకు, రాసుకున్న లోహం పొడంతా ఆ మొదటి ఆయిల్లనే ఉంటది. తీసిన ఆయిల్ ఎండల పట్టి చూడు, మెరుస్తది.

ప్రశ్న: నయీంనగర్. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, స్కూటీ తప్ప వేరే నడపలే. మీటియర్ 350 నడపాలని మస్తు కోరిక. మా అత్తమ్మ ఆడపిల్లకు గంత బండి ఎందుకు, పడితే ఎవరు లేపుతరు అంటుంది. నడపగలనా?

జవాబు: చెల్లె, కాళ్లు అందుతయ్, దానికి ఫికర్ వద్దు, సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. బరువు 191 కిలోలు, మీ స్కూటీ ఏ 105, 110 ఉంటదేమో. నడిచే బండికి బరువు తెల్వదు, అసలు కథ ఆగినప్పుడు, నూకినప్పుడు. అందుకే షోరూంల టెస్ట్ రైడ్ కన్నా ముందు ఇంజన్ బంద్ పెట్టి బండిని పది అడుగులు వెనక్కి నూకి చూడుండ్రి, అది అయితే అన్నీ అయితయ్.

సుబేదారి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండుల ఆదివారం పొద్దుగాల రెండు మూడు సార్లు మెల్లగ మలుపుడు నేర్చుకోండి. మెల్లగ పోయేటప్పుడు హ్యాండిల్ తిప్పి ఉండంగ ముందు బ్రేకు పట్టినమంటే బండి అటే ఒరిగి పండుకుంటది, కొత్తోళ్లు పడేది నూటికి నూరుపాళ్లు అనను కని ఎక్కువ గిట్లనే, ఆ స్పీడ్ల వెనక బ్రేకు ఒక్కటే వాడాలె. పార్కింగ్ చేసేటప్పుడు ముక్కు ఎత్తు దిక్కు పెట్టి గేర్ల వేసి ఉంచితే తీసేటప్పుడు దానంతటదే వెనక్కి వస్తది.

ఇగ అత్తమ్మ ప్రశ్నకు జవాబు. పడేటప్పుడు ఆపుదామని చూడొద్దు, వదిలిపెట్టి పక్కకు జరగాలె. ఇంజన్ బంద్ చేసి, కుడి దిక్కు పడితే ముందుగల్లనే సైడ్ స్టాండ్ తీసి పెట్టి, బండికి వీపు పెట్టి సీటు అంచుకు నడుము కింది భాగం ఆనిచ్చి, ఒక చెయ్యి హ్యాండిల్ కు, ఇంకో చెయ్యి వెనక కూసునేటోళ్లు పట్టుకునే కడ్డీకి, కాళ్లతోని చిన్న చిన్న అడుగులు వెనక్కి ఏసుకుంట లేపాలె. నడుము వంచి చేతులతోని గుంజితే నాకే లేవదు. ఒకసారి ఇంటి ముంగట పాత చద్దరేసి పండవెట్టి లేపి చూపెట్టుండ్రి, ఆమె కూడ వెనక కూసుంటది.

ప్రశ్న: పరకాల. మీటియర్ తీస్కొని ఏడాదైంది. సౌండ్ మరీ చప్పగ ఉంది, పాత బుల్లెట్ డుగ్ డుగ్ రావాలంటే ఏ సైలెన్సర్ వెయ్యాలె? ఒకటి వేపిచ్చి చూసిన, రేజ్ వదిలితే పట్ పట్ మని పేలుతుంది, పికప్ కూడ పోయినట్టుంది.

జవాబు: ఏ సైలెన్సర్ వేసినా రాదు భై. ఆ సౌండ్ సైలెన్సర్ ది ఒక్కదానిదే కాదు, ఇంజన్ ది. పాత 350ల బోర్, అంటే సిలిండర్ వెడల్పు 70, స్ట్రోక్, అంటే పిస్టన్ పైకి కిందికి ఆడే దూరం 90 మిల్లీమీటర్లు, బరువైన ఫ్లైవీలు, అది ఒక్కో దెబ్బ ఆగి ఆగి కొట్టేది. నీ దాంట్ల 72, 85.8, పైంగ వణుకు తగ్గిచ్చేటందుకు బ్యాలెన్సర్ షాఫ్ట్ ఒకటి. నువ్వు పైసలిచ్చి కొన్నది ఆ వణుకు లేని ఇంజన్ నే.

ఇగ పట్ పట్ సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చేవన్నీ బీఎస్ 6 అనే పొగ నిబంధనకు తగ్గట్టు చేసిన బండ్లు, ఫ్యూయెల్ ఇంజక్షన్ ఉంటది, సైలెన్సర్ పైపుల ఆక్సిజన్ సెన్సర్ కూసోని పొగను చూసి కంప్యూటర్ కు చెప్తది, కంప్యూటర్ దాన్ని బట్టి పెట్రోల్ వదులుతది. నువ్వు ఖాళీ పైపు వేసినవ్, జాయింటుల బయటి గాలి లోపలికి పోతుంది, మిశ్రమం లెక్క తప్పింది, కాలకుండ మిగిలింది పైపుల పోయి పేలుతుంది. పికప్ పోయినట్టుంది అంటున్నవ్, పోయినట్టు కాదు పోయింది, ఈ ఇంజన్ 4,000 ఆర్‌పీఎం దగ్గరనే 27 న్యూటన్ మీటర్ల గుంజుడు ఇస్తది, క్రూయిజర్ మజా అంతా ఆ కింది గుంజుడే, ఖాళీ పైపుతోని ముందుగల్ల పోయేది అదే. సెన్సర్ ను మోసం చేసే డబ్బా ఒకటి ఉంటది, అది పెట్టు అని ఎవరో ఒకరు చెప్తరు నీకు, వారంటీ ఉన్నన్ని రోజులు దాని జోలికి పోకు.

పోలీసోళ్ల సంగతి నీకు తెల్వంది కాదు. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చినంక దాంట్ల 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 దాక జరిమానా, 3 నెలల దాక జైలు, లైసెన్సు 3 నెలలు బంద్. పట్టుకున్న సైలెన్సర్లను వరుసగ పేర్చి రోడ్డు రోలర్ తోని తొక్కిస్తుంటే చూసినవ్ గదా, అండ్ల నీదొకటి ఎందుకు. పాత సైలెన్సర్ ఇంట్లనే ఉంటే, జాయింటుల గాలి పోకుండ వేసే గ్యాస్కెట్ కొత్తది వేపిచ్చి బిగిచ్చుకో, పాత గ్యాస్కెట్ మళ్ల వాడితే పట్ పట్ పోదు.

ప్రశ్న: భూపాలపల్లి, సింగరేణిల పని. 4,000 కిలోమీటర్లకే చైన్ కరకర అంటుంది. వారానికోసారి పాత ఇంజన్ ఆయిల్ పోస్తనే ఉన్న, అయినా గంతే. చైన్ సెట్ మార్పియ్యాల్నా?

జవాబు: అన్నా, ఆ పాత ఆయిల్ తోనే వచ్చింది తిప్పలు. మీ దిక్కు బొగ్గు లారీల దుమ్ము ఎట్లుంటదో నాకు తెలుసు, కాళేశ్వరం పోయొచ్చిననాడు తెల్ల అంగి సంగతి మా ఇంట్ల ఇప్పటికీ చెప్తరు. ఆయిల్ల ఆ దుమ్ము కలిసిందంటే ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టే. ముందు కిరోసిన్ల ముంచిన మెత్తటి బ్రష్ తోని మొత్తం కడుగుండ్రి, పెట్రోల్ వద్దు, తీగల బ్రష్ వద్దు, చైన్ లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులుంటయ్, లోపలి గ్రీసును కాపాడేది అవే. కడిగేటప్పుడు ఇంజన్ ఆన్ చేసి గేర్ల వేసి చక్రం తిప్పద్దు, గుడ్డతోని సహా వేలు పోతది, చేత్తోనే తిప్పాలె. బట్టతోని తుడిచినంక చైన్ లూబ్ కని, 90 నంబర్ గేర్ ఆయిల్ కని, లోపలి దిక్కు నుంచి పలుచగ పట్టియ్యాలె, డ్యూటీ నుంచి వచ్చి బండి వేడి మీద ఉన్నప్పుడు పట్టిచ్చి రాత్రంతా వదిలేస్తే మంచిగ ఇంకుతది. తెల్లారి మిగిలింది తుడిచెయ్యాలె, తడిగ కనపడే చైన్ దుమ్మును పిలుస్తది.

అప్పుడు బిగుతు చూడుండ్రి. రెండు పళ్లచక్రాల నడుమ కింది చైన్ ను వేలుతోని పైకి కిందికి ఆడిస్తే చాలా బండ్లకు 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఆడాలె, మీ మాన్యువల్ల ఉన్నదే ఫైనల్. ఒక్క కాడ చూసి వదిలెయ్యొద్దు, చైన్ అంతటా ఒక్క తీరుగ సాగదు, చక్రం తిప్పుకుంట బాగ బిగుతున్న జాగ పట్టి అక్కడ కొలవాలె. వదులుంటే చప్పుడే చేస్తది, మరీ బిగుతుంటే గేర్ బాక్సు బేరింగ్ ను తింటది, ఆ ఖర్చు వేరే. ఇరుసు నట్టు వదులు చేసి చైన్ బిగిచ్చే బోల్టులు రెండు దిక్కులా ఒక్క తీరే తిప్పి, గీతలు సమానం ఉన్నయా చూసి బిగియ్యండి, బిగిచ్చినంక మళ్ల ఒకసారి కొలవండి, బిగిచ్చేటప్పుడే ఒక ఇంత మారుతది. పళ్లు కొక్కేల లెక్క వంగిపోయి ఉంటే అప్పుడు మార్పియ్యాలె, లేకుంటే అవసరం లేదు. అట్లనే ఎయిర్ ఫిల్టర్, మీ ఊర్ల మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లల్ల సగానికే విప్పి చూడుండ్రి.

ప్రశ్న: జమ్మికుంట. ఏ బంకుల పోసినా మైలేజి మునుపటంత వస్తలేదు, మా ఇంజన్ల తేడా ఉందా?

జవాబు: ఇప్పుడు బంకుల వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. లీటరు ఇథనాల్ల లీటరు పెట్రోల్ల ఉన్న దాంట్ల మూడింట రెండు వంతుల శక్తే ఉంటది, కాబట్టి కొంత తగ్గుడు ఉంటనే ఉంటది. అంతకన్నా మరీ పడిపోయిందంటే టైర్ల గాలి, బ్రేకు పట్టుకొని తిరుగుతుందా, ఈ రెండు చూసుకోండి. నెలలకు నెలలు బండి తియ్యకుండ ట్యాంకుల నింపి పెట్టొద్దు, ఇథనాల్ తేమను గుంజుకుంటది.

ప్రశ్న: వరంగల్, శివనగర్. దసరా నాడు భద్రకాళి గుడి కాడ పూజ చేపిచ్చినప్పటి నుంచి కొత్త బండి ముందు బ్రేకు కీచుమంటుంది, పట్టు గూడ తక్కువైంది. ప్యాడ్లు మార్పియ్యాలంటుండు మెకానిక్.

జవాబు: పూజల పసుపు, గంధం ఎక్కడెక్కడ పెట్టిన్రో యాది చేస్కోండి. డిస్కు మీద రెండు పెద్ద బొట్లు పెట్టి ఉంటరు, పైంగ కొబ్బరి నీళ్లు, దీపం నూనె చేయి. అదంతా మొదటి బ్రేకుకే ప్యాడ్ల కింద మెత్తింది. డిస్కు క్లీనర్ తోని, అది లేకుంటే సబ్బు నీళ్లతోని డిస్కును మంచిగ కడిగి ఆరబెట్టి, ప్యాడ్లు విప్పించి సన్నటి ఇసుక కాగితం మీద నాలుగు సార్లు రుద్దించి బిగిపియ్యండి, తర్వాత ఖాళీ రోడ్డు మీద 40 నుంచి 10కి పది సార్లు మెల్లగ ఆపుకుంట పోవాలె, పట్టు వస్తది. నూనె లోపలిదాక తాగి ఉంటే మాత్రం ప్యాడ్లు మార్పియ్యక తప్పదు, మెకానిక్ చెప్పింది అబద్ధమేం గాదు. హ్యాండిల్ కు కట్టిన బంతిపూల దండ ఎండిపోయి ఇంకా అట్లనే ఉంటే అది గూడ తియ్యండి, దారం ముందు చక్రంల చుట్టుకుంటది. వచ్చే దసరాకు బొట్టు ట్యాంకు మీద పెట్టుండ్రి.